రోడ్డు మీద కుర్చీ వేసుకున్న కోకిల



ఫిబ్రవరి వచ్చిందంటే మా ప్రైమరీ బ్లాకులో ముగ్గురు నలుగురు సరోజినీ నాయుడులు తిరుగుతూ కనిపిస్తారు. ఫిబ్రవరి 13 ఆమె పుట్టినరోజు, మనకు జాతీయ మహిళా దినోత్సవం. కృష్ణానగర్‌లో కాస్ట్యూమ్స్ అద్దెకిచ్చే షాపులు పక్కనే ఉన్నాయి కాబట్టి పట్టుచీర, ముడి, మెడలో హారం అన్నీ చక్కగా కుదురుతాయి. చిన్నారి స్టేజీ ఎక్కి, తనను భారత కోకిల అంటారని, తాను కవయిత్రినని రెండు ముక్కలు చెప్పి దిగిపోతుంది. మీరు ఫోన్‌లో వీడియో తీసుకుంటారు, మేం చప్పట్లు కొడతాం.

ఆ రెండు ముక్కల్లో లేని సంగతులే ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాను. దానికి కారణం కూడా ఉంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లీష్ ప్రాజెక్టు కోసం బ్రిటన్‌లో మహిళల ఓటుహక్కు పోరాటం తీసుకున్నారు. అద్దాలు పగలగొట్టిన వాళ్ళ ఫోటోలు, జైల్లో నిరాహార దీక్షల కథలు చార్టుల మీదికెక్కాయి. వెంటనే రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒకటి పిల్లలది: అద్దాలు పగలగొడితేనే ఓటు వచ్చిందా మేడమ్, అని. రెండోది పీటీఎంలో ఒకరిద్దరు తల్లిదండ్రులది: పిల్లలకు ధర్నాలు నేర్పిస్తున్నారా, అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్న మనిషికి నిరసన అనే మాట వింటేనే ఒళ్ళు మండుతుంది, నాకు తెలుసు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కోవడానికి లండన్ దాకా వెళ్ళక్కర్లేదు, నాంపల్లి దాకా వెళితే చాలు.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేముందు మెహిదీపట్నంలో మీరు రోజూ చూసే కంటి ఆసుపత్రి ఆమె పేరు మీదే ఉంది. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ ఆమె ఇల్లు. 1905లో అచ్చయిన ఆమె మొదటి కవితా సంపుటి పేరూ అదే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో మొదలైంది ఆ ఇంట్లోనే. గచ్చిబౌలి క్యాంపస్ ఆ తర్వాతి మాట.

సరోజిని 1879లో హైదరాబాద్‌లో పుట్టారు. బెంగాలీ కుటుంబం. తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేట్ చేసి వచ్చి, తర్వాత నిజాం కాలేజీగా మారిన కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఎనిమిది మంది పిల్లల్లో ఈమె పెద్దది. నిరసన అనేది ఆ ఇంటికి కొత్త కాదు. 1883లో చాందా రైల్వే ఒప్పందం వల్ల నిజాం ఖజానాకు నష్టమని గొంతెత్తినందుకు తండ్రిని రాజ్యం నుంచి బయటకు పంపేశారు. అప్పటికి కూతురికి నాలుగేళ్ళు. కొంతకాలానికి ఆయన్ను మళ్ళీ రానిచ్చారు.

పన్నెండేళ్ళకే మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ ఫస్టుగా పాసయ్యారు సరోజిని. (దయచేసి ఈ వాక్యం చూపించి ఇంట్లో పిల్లల్ని పోల్చకండి. ఆమె అసాధారణం, అంతే.) నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1895లో ఇంగ్లండ్ వెళ్ళి మొదట లండన్ కింగ్స్ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో చదివారు. ఇక్కడ ఒక చిన్న వివరం. అప్పట్లో కేంబ్రిడ్జిలో ఆడపిల్లలు పాఠాలు వినొచ్చు, పరీక్షలు రాయొచ్చు, కానీ డిగ్రీ మాత్రం ఇవ్వరు. ఆమె ఇంగ్లండ్‌లో ఉన్న రోజుల్లోనే, 1897లో, వాళ్ళకు డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని యూనివర్సిటీలో ఓటింగ్ పెట్టారు. భారీ మెజారిటీతో వద్దన్నారు. సైకిల్ మీద కూర్చున్న ఆడపిల్ల బొమ్మ ఒకటి చేసి వీధిలో వేలాడదీశారు మగ విద్యార్థులు. కేంబ్రిడ్జి ఆడపిల్లలకు పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో. అంటే మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది!

1898లో తిరిగొచ్చి డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆయన తెలుగువారు, ఎడిన్‌బరోలో వైద్యం చదివి నిజాం ప్రభుత్వంలో డాక్టరుగా చేసేవారు. కులం వేరు, భాష వేరు, ప్రాంతం వేరు. మద్రాసులో బ్రహ్మసమాజ పద్ధతిలో జరిగిన ఆ పెళ్ళిని కందుకూరి వీరేశలింగం పంతులు గారు దగ్గరుండి జరిపించారు. నాయుడు అనే ఇంటిపేరు ఆమెకు అలా వచ్చింది. మన తెలుగువాళ్ళకు ఆమె కోడలు అన్నమాట. నలుగురు పిల్లలు, నాంపల్లి ఇల్లు, కవిత్వం, ఎప్పుడూ అంతంతమాత్రంగా ఉండే ఆరోగ్యం. 1908 మూసీ వరదల్లో సహాయ పనులు చేశారు. ఆ సేవకు ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇస్తే, జలియన్‌వాలాబాగ్ తర్వాత దాన్ని తిరిగి ఇచ్చేశారు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. దానికి ముందు, పిల్లల చార్టుల మీద ఉన్న లండన్ సంగతి కాస్త చెప్పాలి.

బ్రిటన్‌లో మహిళల ఓటు కోసం రెండు రకాల వాళ్ళు పనిచేశారు. మిలిసెంట్ ఫాసెట్ వెనుక నడిచినవాళ్ళు అర్జీలు, సభలు, ఎంపీలతో మాటలు, ఇలా చట్టం లోపలే ఉండి ప్రయత్నించారు. ఆ దారి దశాబ్దాల తరబడి సాగింది, ఫలితం కనిపించలేదు. 1903లో ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ మాంచెస్టర్‌లో కొత్త సంఘం పెట్టారు. సఫ్రజెట్లు అన్న పేరు వీళ్ళకే వచ్చింది. మొదట మంత్రుల సభల్లో లేచి ప్రశ్నలడగడం, జైలుకు వెళ్ళడం వరకే. 1909 నుంచి జైల్లో నిరాహార దీక్షలు, ముక్కులో గొట్టం పెట్టి బలవంతంగా ఆహారం పోయడం. 1912 కల్లా లండన్ షాపుల అద్దాలు సుత్తులతో పగలగొట్టడం, పోస్టు డబ్బాల్లో నిప్పు పెట్టడం. 1913లో లాయిడ్ జార్జ్ కోసం కడుతున్న ఇంట్లో బాంబు పేలింది. అదే ఏడాది జూన్‌లో ఎమిలీ డేవిసన్ అనే ఆమె డెర్బీ గుర్రప్పందెంలో రాజుగారి గుర్రానికి ఎదురు వెళ్ళి, దెబ్బలతో నాలుగు రోజుల తర్వాత చనిపోయారు.

గాంధీ ఈ పోరాటాన్ని దగ్గర నుంచి చూశారు. దక్షిణాఫ్రికా భారతీయుల పని మీద 1906లో, 1909లో లండన్ వెళ్ళినప్పుడు ఆ మహిళల ధైర్యం ఆయన్ను కదిలించింది. జైలుకు వెళ్ళడానికి వెనుకాడని ఆ ఆడవాళ్ళను చూసి నేర్చుకోమని తన పత్రికలో మనవాళ్ళకు రాశారు. రాళ్ళు పడటం మొదలయ్యాక మాత్రం అది సరైన దారి కాదనీ రాశారు. సత్యాగ్రహం రూపుదిద్దుకున్న రోజులవి. అందుకని నేను క్లాసులో ఒక మాట అంటుంటాను: మనం గాంధీ నుంచి ప్రపంచం నేర్చుకుందని చెప్పుకుంటాం, అది నిజం. కానీ గాంధీ కొంత నేర్చుకున్నది లండన్ వీధుల్లో ఓటడిగిన ఆడవాళ్ళను చూసి. కొంత వాళ్ళు చేసినట్టు చేయాలని, కొంత వాళ్ళు చేసినట్టు చేయకూడదని.

సరోజిని గాంధీని మొదటిసారి కలిసింది 1914లో, అదే లండన్‌లో. వెతుక్కుంటూ వెళ్ళి తలుపు తీస్తే, ఈ మహానుభావుడు నేల మీద దుప్పటి పరుచుకుని చెక్క గిన్నెలో ఏవో చప్పిడి కూరలు తింటున్నారు. ఆమెకు నవ్వాగలేదు. ఆయనా నవ్వేశారు. ఆ స్నేహం 34 ఏళ్ళు సాగింది. దేశమంతా మహాత్మా అంటుంటే ఆమె ఆయన్ను మిక్కీ మౌస్ అని ఆటపట్టించేవారు.

లండన్ అద్దాలకూ మన ఓటుకూ నేరుగా ముడివేసే మనిషి ఇంకొకరున్నారు. ఆవిడ పేరు మార్గరెట్ కజిన్స్. ఐర్లండ్ ఆవిడ. 1910లో డౌనింగ్ స్ట్రీట్ కిటికీల మీద రాళ్ళు వేసి లండన్ హాలోవే జైలుకు, 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి టల్లమోర్ జైలుకు వెళ్ళారు. అక్కడ నిరాహార దీక్ష కూడా చేశారు. 1915లో భర్తతో ఇండియా వచ్చారు. తర్వాత మన మదనపల్లెలో కాపురం పెట్టారు. భర్త జేమ్స్ కజిన్స్ అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన బాణీని స్వరాలుగా రాసిపెట్టింది ఈవిడే. మన పిల్లలు రోజూ పొద్దున అసెంబ్లీలో పాడే బాణీ వెనుక డబ్లిన్‌లో అద్దాలు పగలగొట్టిన చేయి ఉందంటే మా తొమ్మిదో తరగతి వాళ్ళు నమ్మలేదు.

1917 మే నెలలో మద్రాసు అడయార్‌లో మహిళల కోసం ఒక సంఘం పుట్టింది. అనీ బిసెంట్, మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస దాన్ని మొదలుపెట్టారు. అదే ఏడాది భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, రాజకీయ సంస్కరణల మీద అభిప్రాయాలు తీసుకోవడానికి ఇండియా వచ్చారు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటానికి సమయం ఇవ్వమని మార్గరెట్ అడిగారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది. సరే, రాజకీయమే అడుగుదామని, కొత్త చట్టంలో ప్రజలు అంటే ఆడవాళ్ళు కూడా అని గుర్తించాలని, మగవాళ్ళకు పెట్టే షరతులతోనే ఆడవాళ్ళకూ ఓటివ్వాలని అర్జీ తయారుచేశారు. ఒక ఆఫీసు ఉత్తరం తిరగ్గొట్టబట్టి భారత మహిళల ఓటు డిమాండు పుట్టిందంటే వింతగానే ఉంటుంది.

1917 డిసెంబరులో మద్రాసులో మాంటేగు ముందు, వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ముందు ఆ అర్జీతో నిలబడ్డ మహిళల బృందానికి నాయకురాలు సరోజినీ నాయుడు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన ఆడవాళ్ళు, హిందువులు, ముస్లింలు, పార్సీలు అందులో ఉన్నారు. రాళ్ళు వేసిన అనుభవం ఉన్న మార్గరెట్ ఆ రోజు రాయి తీయలేదు. అర్జీ రాసి, మాట్లాడటం బాగా తెలిసిన హైదరాబాద్ కవయిత్రిని ముందు నిలబెట్టారు. ఆ నిర్ణయం చాలా తెలివైనదని నా అభిప్రాయం. ఎక్కడ ఏ పద్ధతి పనిచేస్తుందో తెలిసినవాళ్ళు వాళ్ళు.

మరుసటి ఏడాది బొంబాయి కాంగ్రెస్ ప్రత్యేక సమావేశంలో మహిళల ఓటు తీర్మానాన్ని సరోజినే ప్రవేశపెట్టారు. కానీ ఓటర్ల సంగతి చూడటానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఇక్కడి ఆడవాళ్ళు పరదాలో ఉంటారు, సమాజం ఒప్పుకోదు అని తోసిపుచ్చింది. 1919లో సరోజిని లండన్ వెళ్ళి పార్లమెంటు కమిటీ ముందు వాదన వినిపించారు. బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ కూడా వెళ్ళారు. చివరికి ఆ ఏటి చట్టం నిర్ణయాన్ని ఒక్కో రాష్ట్ర శాసనసభకు వదిలేసింది. ఇక్కడ మన తెలుగువాళ్ళు గర్వపడొచ్చు. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మొదట ఒప్పుకున్నది మద్రాసు. 1921 ఏప్రిల్ 1న తీర్మానం నెగ్గింది. గుంటూరు, రాజమండ్రి, కడప అప్పుడు మద్రాసులోనే ఉండేవి. అక్కడి ఆడవాళ్ళు 1923 ఎన్నికల్లో ఓటేశారు.

ఎంతమంది? ఆస్తి, పన్ను షరతులు ఉన్నందువల్ల నూటికి ఒకరు కూడా కాదు. ఆస్తి సాధారణంగా మగవాళ్ళ పేరు మీద ఉండేది కదా. అందరికీ ఓటు అని అడగకుండా మగవాళ్ళతో సమానంగా అని అడిగినందువల్ల వచ్చిన చిక్కు ఇది. పొలంలో నాట్లు వేసే ఆడమనిషి, ఆమె మొగుడు ఇద్దరూ బయటే ఉండిపోయారు. ఇంకో సంగతి. ఇంత చేసిన సరోజిని సొంత ఊరు హైదరాబాద్ నిజాం రాజ్యంలో ఉంది. ఇక్కడ సామాన్య ప్రజలు ఓటేసి ఎన్నుకునే శాసనసభే లేదు.

1926లో సరోజిని తమ్ముడు హరీంద్రనాథ్ భార్య, అంటే ఆమె మరదలు కమలాదేవి, మంగళూరు నుంచి మద్రాసు శాసనసభకు పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. అంతకు ముందటి ఏడాదే, 1925లో, కాన్పూర్ కాంగ్రెస్ మహాసభకు సరోజిని అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలో మొదటి భారతీయ మహిళ ఆమే.

హరీంద్రనాథ్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. మీలో సినిమా పరిశ్రమలో ఉన్నవాళ్ళు ఆయన్ను చూసే ఉంటారు. 1972 నాటి హిందీ సినిమా బావర్చీలో మంచం మీది తాతగారు ఆయనే. ఆ ఇంట్లో ఇంకో తమ్ముడున్నాడు, వీరేంద్రనాథ్, అందరూ ఛట్టో అనేవారు. అక్క అర్జీలు పట్టుకు తిరుగుతుంటే తమ్ముడు బెర్లిన్‌లో కూర్చుని, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఆయుధాలతో బ్రిటిష్‌వాళ్ళను తరిమేయాలని పథకాలు వేశాడు. ఆ పథకాలు ఫలించలేదు. తర్వాత సోవియట్ రష్యా చేరాడు. 1937లో స్టాలిన్ ప్రభుత్వమే అతన్ని కాల్చి చంపింది. ఒకే తల్లి పిల్లలు, ఒకే నాంపల్లి ఇల్లు, రెండు దారులు. ఆ తమ్ముణ్ణి తలచుకున్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది, అహింస అంటే మెత్తదనం అనుకునేవాళ్ళు అక్క 1930లో ఏం చేసిందో ఒకసారి చూడాలని.

1930 మార్చి 12న గాంధీ సబర్మతి నుంచి దండికి ఉప్పు కోసం బయలుదేరారు. సుమారు 385 కిలోమీటర్లు, వెంట దాదాపు 80 మంది. ఒక్క ఆడమనిషి లేదు. ఆడవాళ్ళు కల్లు దుకాణాలు, విదేశీ బట్టల షాపుల ముందు పికెటింగ్ చేస్తే చాలని ఆయన లెక్క. దీనికి ఆడవాళ్ళే గట్టిగా అభ్యంతరం చెప్పారు. మార్గరెట్ కజిన్స్ వాళ్ళలో ఒకరు. ఏప్రిల్ 6న గాంధీ దండిలో ఉప్పు పట్టినప్పుడు సరోజిని పక్కనే ఉన్నారు. దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కారు. మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలోకి దిగి జైలుకు వెళ్ళిన మన దుర్గాబాయికి అప్పుడు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు.

మే నెల మొదట్లో గాంధీని అరెస్టు చేశారు. ఆయన తర్వాత ధరాసనా ఉప్పు కొఠార్ల మీదికి వెళ్ళాల్సిన ముసలాయన అబ్బాస్ త్యాబ్జీని కూడా పట్టుకెళ్ళారు. మూడో పేరు సరోజినిది. వయసు 51. గుండె జబ్బు. ఇష్టమైన పనులు మంచి భోజనం, మంచి చీరలు, కబుర్లు.

మే 15న ఆమె వాలంటీర్లతో కొఠార్ల వైపు నడిచారు. పోలీసులు రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. ముందుకు పోనివ్వరు, అరెస్టూ చేయరు. సరే, మేమూ ఇక్కడే ఉంటామని అందరూ నేల మీద కూర్చున్నారు. ఆమె ఒక కుర్చీ తెప్పించుకుని రోడ్డు మీదే కూర్చున్నారు. గుజరాత్ మే ఎండ. ఉత్తరాలు రాసుకుంటూ, రాట్నం వడుకుతూ, చుట్టూ ఉన్నవాళ్ళతో జోకులేస్తూ ఆ పగలూ ఆ రాత్రీ గడిపేశారు. పోలీసులకు ఏం చేయాలో పాలుపోలేదు. లాఠీ ఎత్తడానికి ఎదుటివాళ్ళు గొడవ చేయాలి కదా. ఈవిడ గొడవ చేయదు, లేవదు.

మే 21 అలా సరదాగా జరగలేదు. ఆ పొద్దున సుమారు 2,500 మంది చేరారు. సరోజిని ప్రార్థన చేయించి, ఒక్కటే చెప్పారు: దెబ్బ పడితే అడ్డుకోవడానికి కూడా చేయి ఎత్తకండి. గాంధీ కొడుకు మణిలాల్ ముందు నడిచాడు. కందకాలు, ముళ్ళకంచె, వాటి వెనుక 400 మంది పోలీసులు, ఇనుప పొన్నులు వేసిన లాఠీలు. వరుసగా వెళ్ళడం, తలల మీద దెబ్బలు పడటం, పడిపోయినవాళ్ళను స్ట్రెచర్ల మీద మోసుకురావడం, తర్వాతి వరుస లేచి నడవడం. ఎవరూ చేయి ఎత్తలేదు. వెబ్ మిల్లర్ అనే అమెరికా విలేకరి అక్కడే ఉండి అంతా చూశాడు. ఆసుపత్రి షెడ్డులో లెక్కపెడితే 320 మంది గాయపడినవాళ్ళు, ఇద్దరు చనిపోయినవాళ్ళు తేలారు. ఆ కథనం ప్రపంచమంతా వెయ్యికి పైగా పత్రికల్లో వచ్చింది. సరోజినిని అరెస్టు చేయడానికి వచ్చిన అధికారి చేయి పట్టుకోబోతే విదిలించుకుని, వస్తాను గానీ ముట్టుకోవద్దని చెప్పి నడిచి వెళ్ళారు. ఎరవాడ జైలు నుంచి బయటికొచ్చింది 1931 జనవరిలో.

1982లో వచ్చిన గాంధీ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ధరాసనా సీన్ అద్భుతంగా ఉంటుంది. పిల్లలకు చూపించేముందు ఒక మాట చెప్పండి: ఆ సీన్‌లో సత్యాగ్రహులకు నాయకత్వం వహించేది మౌలానా ఆజాద్. నిజంగా అక్కడ నిలబడింది సరోజిని. స్క్రీన్‌ప్లే కోసం పాత్రలను కలిపేయడం ఎంత మామూలో ఫిల్మ్‌నగర్‌లో ఉండేవాళ్ళకు నేను చెప్పేదేముంది! కానీ ఈ మార్పు మాత్రం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వస్తాను. అద్దాలు పగలగొడితే ఓటొచ్చిందా? బ్రిటన్‌లో 1918లో 30 దాటిన, కొంత ఆస్తి అర్హత ఉన్న మహిళలకు, 1928లో మగవాళ్ళతో సమానంగా వచ్చింది. అద్దాల వల్లా, అర్జీల వల్లా, యుద్ధకాలంలో ఆడవాళ్ళు చేసిన పని వల్లా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నేను క్లాసులో చెప్పేది ఇంతే: మొదట అడిగి చూసి, వినకపోతేనే తర్వాతి మెట్టెక్కారు, రెండు దేశాల్లోనూ. తేడా ఆ మెట్టు మీద దెబ్బ ఎవరికి తగలాలన్న దగ్గర. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ మనుషుల ప్రాణాలు తీయొద్దు, ఆస్తి పాడైనా పర్లేదు అనుకున్నారు. సరోజిని దెబ్బ మనమే తినాలి అనుకున్నారు. జైలు, నిరాహారం ఇద్దరికీ ఉమ్మడి. ఆ మధ్యలో మార్గరెట్ లాంటివాళ్ళు రెండూ చూశారు. 1932లో మద్రాసులో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా సభలో మాట్లాడినందుకు ఆవిడకు ఏడాది జైలు పడింది, ఈసారి వెల్లూరులో. రాయి వేయకుండానే.

సరోజిని అన్నిటినీ నేను ఒప్పుకుంటానని కాదు. 1930లో ఆమె తాను ఫెమినిస్టును కానని చెప్పుకున్నారు. ఆడవాళ్ళ ఓటు మగవాళ్ళ మీద యుద్ధం కాదు, తల్లులుగా దేశానికి సేవ చేయడానికే అన్న ధోరణి ఆమెది. ఆ మాట వల్ల ఎందరో మగ నాయకులు బెదరకుండా ఒప్పుకుని ఉండొచ్చు. కానీ తల్లి కాకపోయినా, సేవ చేయకపోయినా ఓటు హక్కేగా! 1931 రౌండ్ టేబుల్ సమావేశంలో ఆమె, బేగం షా నవాజ్ కలిసి మహిళా సంఘాల తరఫున అర్జీ ఇచ్చారు: వయసొచ్చిన అందరికీ ఓటు కావాలి, మహిళలకు ప్రత్యేక సీట్లు వద్దు. మొదటి సగం ఇరవై ఏళ్ళకు నిజమైంది. రెండో సగం సంగతి మీకు తెలిసిందే. సీట్లలో వాటా లేకుండా చట్టసభల్లో ఆడవాళ్ళు ఎంతమంది కూర్చున్నారో చూశాక, 2023లో మూడో వంతు రిజర్వేషన్ చట్టం చేయాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయంలో ఆమె అంచనా తప్పిందనే నేను అనుకుంటాను. మీలో కొందరు ఒప్పుకోరు, ఇంట్లో పిల్లలతో వాదించి చూడండి.

1935 చట్టంతో సుమారు 60 లక్షల మంది ఆడవాళ్ళకు ఓటొచ్చింది, మగవాళ్ళు దాదాపు 2 కోట్ల 90 లక్షలు. 1942 ఆగస్టులో సరోజినిని మళ్ళీ అరెస్టు చేసి గాంధీ, కస్తూర్బాలతో పాటు పుణే ఆగాఖాన్ భవనంలో ఉంచారు. అక్కడ అందరి తిండీ తిప్పలూ చూసే బాధ్యత ఈవిడే తీసుకున్నారు. 1943 మార్చిలో ఆరోగ్యం బాగా దెబ్బతిని బయటికొచ్చారు. తర్వాత బీహార్ తరఫున రాజ్యాంగ సభకు వెళ్ళారు. మద్రాసు నుంచి దుర్గాబాయి కూడా ఆ సభలోనే ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తరప్రదేశ్‌కు గవర్నరయ్యారు, దేశంలో మొదటి మహిళా గవర్నర్. 1949 మార్చి 2న లక్నోలో, ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. అప్పటికి రాజ్యాంగం పూర్తి కాలేదు.

వయసొచ్చిన ప్రతి ఒక్కరూ ఓటేసిన మొదటి ఎన్నికలు 1951-52లో జరిగాయి. హైదరాబాద్ రాష్ట్రంలో ఆడవాళ్ళు మొదటిసారి పోలింగ్ బూత్ మెట్లెక్కారు. సరోజిని కొడుకు డాక్టర్ జయసూర్య మెదక్ నుంచి, బావర్చీ తాతగారు హరీంద్రనాథ్ విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ ఓటర్ల జాబితా తయారుచేసేటప్పుడు ఒక చిక్కొచ్చింది. ఇంటికి వచ్చిన ఉద్యోగులకు ఎందరో ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యనని, ఫలానా వాడి తల్లినని చెప్పారు. సొంత పేరు చెబితేనే ఓటని ఎన్నికల కమిషన్ పట్టుబట్టింది, గడువు పొడిగించింది, మళ్ళీ మళ్ళీ అడిగించింది. చివరికి సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితా నుంచి పోయాయి. వాటిలో ఎక్కువ భాగం బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్‌లవి. మొదటి రెండూ, రాజ్యాంగ సభకు సరోజినిని పంపిన రాష్ట్రం, ఆమె గవర్నరుగా ఉన్న రాష్ట్రం.